ఎడమ లివరు

ఎల్లారెడ్డిలో కామారెడ్డి రోడ్డు మీద నాకొక రేకుల షెడ్డు ఉంది. పవర్ టిల్లర్లు, స్ప్రే పంపులు, గడ్డి కోసే మిషన్లు బాగు చేస్త. నా పేరు దేవరాజ్. నా నోరు మంచిది కాదని ఊరంత అంటరు. నిజమే, కాదు. రైతు వచ్చి "ఇంజను మొండికేసింది దేవరాజన్నా" అంటే, "ఇంజను మొండికెయ్యలే, నువ్వు ఆయిలు పొయ్యలే" అని మొఖం మీదనే చెప్త. తిట్టుకుంట పోతరు, మల్ల నా దగ్గరికే వస్తరు. నోరెట్లున్నా చెయ్యి మంచిదని వాళ్లకు తెలుసు.

దెయ్యం కథలన్నీ జనం అర్ధరాత్రి కాడ మొదలుపెడతరు. వాళ్లను చూస్తే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతది. అర్ధరాత్రి అయితే తలుపేసుకొని పండుకుంటం గదా. నా దగ్గరికి వచ్చింది మాత్రం సాయంత్రం పూట వచ్చింది. హోటల్లో చాయ్ మరుగుతుంటే, బడి పిల్లలు ఇండ్లకు పోతుంటే వచ్చింది.

ఆ రోజు పొద్దటి సంది ముసురు. మూడు గంటల టైముకు మా తమ్ముడు జోయల్ షెడ్డుకు వచ్చిండు. మోకాళ్ల దాక బురద, మొఖం పాలిపోయి ఉంది. మా అమ్మానాయన పోయినప్పుడు వానికి పదేండ్లు. నేను, నా భార్య కృపారాణి కలిసి సాదినం. వాడంటే నాకు ప్రాణం. ఆ మాట వానితోటి ఒక్కసారి కూడా చెప్పలేదు. పొద్దున లేస్తే తిట్లే తిట్టిన.

"అన్నా, టిల్లరు ఎడమ బ్రేకు పట్టుతలేదు" అన్నడు.

"మొన్ననే గదరా కేబులు మార్చిన. నీకు నడుప చాతగాక బ్రేకు మీద పెడుతున్నవా?"

"లేదన్నా. ఇయ్యాల రెండుసార్లు బాయి అంచు దాక పోయింది. క్లచ్చు గుంజి ఆపిన. లేకుంటే ఇప్పుడు నీకు ఈ మాట చెప్పేటోన్ని కాదు."

టిల్లరు తెలియనోళ్లకు చెప్త. ట్రాక్టరు లెక్క దాని మీద కూసోము. వెనక నడుచుకుంట, రెండు పిడులు పట్టుకొని నడుపుతం. ఒక్కొక్క పిడి కింద ఒక్కొక్క లివరు ఉంటది. ఎడమ లివరును పిడి దాక నొక్కితే ఎడమ చక్రానికి బ్రేకు పడుతది, కుడి చక్రం తిరుగుతనే ఉంటది, బండి ఎడమకు మళ్లుతది. ఎడమ బ్రేకు పట్టకపోతే బండి మళ్లదు. ముక్కుసూటిగ పోతది, ఎదురుగ ఏముంటే అందులకు.

జోయల్ ఆ రోజు దున్నుతున్నది లింగవ్వ అనే ముసలామె మడి. ఆ మడి చివర ఎడమకు మళ్లే కాడ, నాలుగడుగుల దూరంలో, ఎదురుగ బాయి. చుట్టు గోడ లేదు. వానలకు నిండి, నీళ్లు పైకొచ్చి నల్లగ నిలిచి ఉన్నయి. మా జోయల్‌కు ఈత రాదు.

"రేపు ట్రాక్టరోన్ని పిలుచుకోమందాం అన్నా. నాకెందుకో భయమైతుంది" అన్నడు.

"రేపు పొద్దున నాట్లకు ఆడోళ్లు వస్తున్నరు. లింగవ్వ నారు ముదిరి పచ్చబడ్డది. దేవరాజ్ తమ్ముని టిల్లరు మడిల నిలబడిపోతే ట్రాక్టరు వచ్చిందంటే నా షెడ్డు మీద ఉమ్మేస్తరు. నడు, పానలు సంచిల వెయ్యి" అని కసిరిన.

గంతే. నా పరువు కోసం పోయినం, ఇంకేం లేదు.

మడి కాడికి పోయేసరికి నాలుగున్నర. మొగులు కమ్ముకొని అప్పుడే పొద్దుగూకినట్టుంది. బురద వాసన, డీజిల్ వాసన. లింగవ్వ మోటరు గది రేకు కింద కూసొని ఉంది. టిల్లరును ఒడ్డు మీదికి తెచ్చి, ఎడమ దిక్కు జాకీ పెట్టి చక్రాన్ని పైకి లేపిన. బ్రేకు చూసే పద్ధతి మాకు ఒకటే. ఒకడు పిడి కాడ నిలబడతడు, ఒకడు చక్రం పక్కన కూసుంటడు. ఇంజను సన్నగ నడుస్తుంటే కింద కూసున్నోడు "పట్టు" అంటడు, పైనున్నోడు లివరు నొక్కుతడు. చక్రం టక్కున ఆగాలె. "ఇడువు" అంటే మల్ల తిరగాలె.

"పట్టు!"

చక్రం ఆగలేదు. జర నెమ్మదించింది, మల్ల తిరిగింది.

"గట్టిగ పట్టురా, అన్నం తినలేదా?"

"పట్టిన అన్నా. ఇంతకంటే వస్తలేదు."

డ్రమ్ము విప్పిన. లైనింగు మంచిగుంది, బురద లేదు, ఆయిలు మరక లేదు. స్ప్రింగు గట్టిగుంది. కేబులు కొత్తది, ఎక్కడ సాగలేదు. అన్నీ తుడిచి మల్ల బిగించిన. "పట్టు" అంటే చక్రం మల్ల అట్లనే తిరిగింది. నాకు కోపం నెత్తికెక్కింది. రోగం లేని బండికి రోగం ఎట్లుంటది?

లేచి పిడి కాడికి వచ్చిన. అప్పుడు చూసిన. కుడి లివరు నొక్కితే పిడికి అంటుకుంటుంది. ఎడమ లివరు అంటుకోతలేదు. పిడికీ లివరుకూ నడుమ నాలుగు వేళ్లు పట్టేంత సందు ఉండంగనే ఆగిపోతుంది. ఆ సందులో చూస్తే ఏం లేదు. రాయి లేదు, తుప్పు లేదు. నా చిటికెన వేలు పెట్టి చూసిన. వట్టి గాలి. కాని లివరు నొక్కితే, ఇనుముకు ఇనుము తగిలినట్టు గాదు... మెత్తగ ఏదో అడ్డం వచ్చినట్టు ఆగుతుంది.

జోయల్ నా చెవి దగ్గరికి వచ్చి, లింగవ్వకు వినపడకుంట అన్నడు. "అన్నా, నేను చెప్తే తిడుతవని చెప్పలేదు. అది పట్టుకుంటే... నా చెయ్యి కింద ఇంకో చెయ్యి ఉన్నట్టుంటది. సల్లగ."

"తాగినవా?"

"దేవుని తోడు, తాగలే."

నేను లివరు దిక్కు చూసిన. ఆ టిల్లరు మాకు ఎట్ల వచ్చిందో వానికి సగమే చెప్పిన. మిగతా సగం ఇప్పుడు మీకు చెప్త.

ఎండాకాలం చివర బిచ్కుంద దిక్కు ఒక శివారులో, రాజలింగు అనే రైతు టిల్లరుతోటి సహా బాయిలో పడ్డడు. ఒడ్డు జారిందట. రెండు రోజులు నీళ్లలో ఉన్నడు. బయటికి తీసినంక ఆ టిల్లరును నేనే కొనుక్కుంటనని రాజలింగు మామతోటి మాట అయింది, అందుకని చైను పుల్లీ పట్టుకొని నేనే పోయిన. బండిని పైకి గుంజితే బండితోటి మనిషి కూడా వచ్చిండు. ఎడమ చెయ్యి లివరు మీద బిగుసుకపోయి ఉంది. మళ్లుతదేమోనని చివరి దాక నొక్కినట్టుండు పాపం. చెయ్యి లివరును వదిలితే గద, మనిషి బండిని వదిలేది.

వాళ్ల అమ్మ రుక్మాబాయి నా ముందుకొచ్చి నిలబడ్డది. సన్నటి మనిషి, తెల్లటి జుట్టు. ఏడుస్తలేదు. "బిడ్డా, ఇనుము కొయ్యి. ఆ ముక్క వాని చేతిలనే ఉండనియ్యి, దాంతోనే గుంతల పెడత. వేళ్లు మాత్రం ఇరువకు" అన్నది.

నా సంచిలో కోత మిషను ఉంది. రెండు నిమిషాల పని. కాని అది పాత మోడల్ బండి, ఆ లివరు ఇప్పుడు ఎక్కడ దొరకదు. కోస్తే నాకే నష్టం. అప్పటికే ఆ బండి నాదనుకున్న. "పక్కకు జరుగవ్వా, నాకు మస్తు దూరం పోయేదుంది" అని ఆమెను చేత్తోటి జరిపిన. పట్కారు తీసిన. చూపుడు వేలు కాడ మొదలుపెట్టిన. ఒక్కొక్క వేలు వెనకకు విరుస్తుంటే ఎండు తుమ్మ పుల్ల విరిగినట్టు చప్పుడొచ్చింది. నాలుగు సార్లు. లివరుకు గీత కూడా పడలేదు.

రుక్మాబాయి కింద కూసొని కొడుకు చెయ్యిని ఒళ్లో పెట్టుకుంది. పసిపిల్లకు చెయ్యి కాలితే ఊదుతం గదా, అట్ల ఆ వేళ్ల మీద ఊదుకుంట కూసుంది. నేను బండిని ట్రాలీలో వేసుకొని వచ్చిన. దారిలో ఆగి భోజనం చేసిన కూడా.

ఆ బండే ఇది. ఆ లివరే ఇది. లింగవ్వ మడి ఒడ్డు మీద నిలబడి, ఆ నాలుగు వేళ్ల సందును చూసిన, మొత్తం అర్థమైంది. ఎవడైనా మనిషన్నోడు అప్పుడే బండిని ఆడనే ఇడిచిపెట్టి, తమ్ముని చెయ్యి పట్టుకొని ఇంటికి పోతుండె. నేను పోలేదు. ఒక మిషను నన్ను ఓడగొడుతదా అనే అహం. చచ్చినోడు నాతోటి పంతం పడుతున్నడా అనే కోపం.

ముందు కేబులు నట్టు బిగించిన. లివరు జరంత కదిలినా బ్రేకు పట్టాలె అని. నొక్కి చూస్తే లివరు ఇంకా ముందే ఆగింది. ఇంకా బిగించిన. ఇంకా ముందే ఆగింది. ఈసారి వేళ్లు కాదు, పిడికిలి పట్టేంత సందు.

"అట్లనా? సరే" అని పండ్లు కొరికిన.

కట్టు తీగ తీసిన. లివరునూ పిడినీ కలిపి నాలుగు సుట్లు చుట్టి, కొసలను పట్కారుతోటి మెలిపెట్టుకుంట పోయిన. తీగ బిగుసుకుంటుంది. సందు తగ్గుతుంది... తగ్గుతుంది... నా చేతి నరాలు ఉబ్బినయి. ఇంకొక్క సుట్టు.

టక్.

జోయల్ రెండడుగులు ఎనకకు దుమికిండు.

టక్. టక్.

నేను ఆపలేదు. నిజం చెప్తున్న, ఆపాలని కూడా అనిపించలేదు. ఇంకో మెలిక వేసిన. నాలుగోది కూడా అయింది. లివరు పోయి పిడికి అంటుకుంది. చక్రం టక్కున ఆగింది.

మోటరు గది కాడ నుంచి లింగవ్వ లేచి నిలబడ్డది. "ఎవరన్న ఏడుస్తున్నరా కొడుకా? మూలుగు ఇనొచ్చింది."

"వాన చప్పుడు అవ్వా" అని అరిచిన.

తీగ కోసి పారేసిన. "పట్టు" అంటే లివరు సాఫీగ పోయింది, చక్రం ఆగింది. "ఇడువు" అంటే తిరిగింది. పదిసార్లు చూసినం, పదిసార్లు మంచిగ పనిచేసింది. జాకీ తీసిన. "చూసినవా? ఇనుముకు కూడా దెబ్బ పడాలె. పో, ఇంక మూడు సాళ్లే ఉన్నయి. దున్నిపారేయ్" అని జోయల్‌కు చెప్పిన.

వాడు కదలలేదు. "నువ్వొక్క సాలు తిప్పు అన్నా. నువ్వు తిప్పినంక నేను తిప్పుత."

"నేను మెకానిక్కును, నువ్వు డ్రైవరువు. భయమైతే గాజులు తొడుక్కొని మీ వదినె దగ్గర కూసో, నేను లింగవ్వకు టిల్లరు నేర్పించుకుంట."

లింగవ్వ నవ్వింది. జోయల్ నా దిక్కు ఒక్క చూపు చూసి, చెప్పులు ఒడ్డు మీద ఇడిచి, మడిలోకి దిగిండు. నేను వాని మొఖం చూసి మాట్లాడిన ఆఖరి మాట అది. దాని తర్వాత వానికి వినపడింది నా కేక ఒక్కటే.

మొదటి సాలు పోయింది. బాయి కాడ ఎడమకు మళ్లింది, మస్తుగ మళ్లింది. రెండో సాలు కూడా పోయింది. వాన పెద్దగయింది. ఆరున్నర కూడా కాలేదు, కాని బురద ఏదో మనిషి ఏదో తెల్వనంత మసక. నేను మడి ఇవతలి కొసకు పానలు సంచిలో సర్దుతున్న. ఇంజను చప్పుడును బట్టి బండి ఎక్కడుందో తెలుస్తుంది. ఇప్పుడు మడి నడుమకు వచ్చింది... ఇప్పుడు బాయి దిక్కు పోతుంది... ఇప్పుడు మళ్లాలె.

మళ్లలేదు.

"అన్నా..."

తలెత్తి చూసిన. బండి సక్కగ పోతుంది.

"క్లచ్చు గుంజురా!"

"చెయ్యి... అన్నా, చెయ్యి ఇడుస్తలేడు..."

ఇడుస్తలేదు అనలేదు వాడు. ఇడుస్తలేడు అన్నడు.

ఉరికిన. బురద మోకాళ్ల దాక గుంజుతుంది. ఒకసారి పడ్డ, లేసిన. చేతిలో పట్కారు అట్లనే ఉంది. నేను పోయేసరికి బండి మూతి బాయి అంచు దాటింది, ఇంజను ముందుకు వాలుతుంది. వాన కండ్లలో కొడుతుంది. మనిషి ఆకారం ఒకటి పిడుల మీదికి వంగి ఉంది. ఎడమ లివరు మీద చెయ్యి. ఆ చెయ్యిని పట్టుకున్న. సల్లగుంది, వానకు సల్లబడ్డదనుకున్న. గుంజిన. రాలేదు. బండి ఇంకో జానెడు జారింది.

వేళ్లు ఇడిపియ్యాలె. ఆ పని నాకు వచ్చు.

చూపుడు వేలు. టక్.

నడిమి వేలు. టక్.

ఉంగరం వేలు... చిటికెన వేలు...

కేక వినపడలేదు. సొమ్మసిల్లిండు అనుకున్న. అంగీ గల్ల పట్టుకొని, నా బరువంత ఏసి వెనకకు పడ్డ. వాడు నా మీద పడ్డడు. మా కాళ్ల ముందు నుంచి బండి జారి బాయిలో పడ్డది. ఇంజను నీళ్లు మింగుకుంట బుడబుడమని ఆగిపోయింది.

వాన చప్పుడు తప్ప ఇంకే చప్పుడు లేదు. వాన్ని గట్టిగ కావలించుకున్న. నాకు ఏడుపు ఆగలేదు. "బతికినవ్ రా తమ్మీ. బతికినవ్. వేళ్లదేముంది, ఇప్పుడే కామారెడ్డి తీస్కపోత, కట్టు కట్టిస్తరు. నేనే పిస్సోన్ని. నిన్ను పంపొద్దుండె. నువ్వంటే నాకు ప్రాణంరా. నువ్వు లేకుంటే నేను బతకనురా" అన్నీ చెప్పేసిన. పదహారేండ్ల సంది నోట్లో పెట్టుకున్నదంత చెప్పేసిన. వాడు ఎడమ చెయ్యి ఎత్తి నా ఈపు మీద వేసిండు. నిమిరిండు. విరిగిన వేళ్లు నా అంగీ మీద అటొకటి ఇటొకటి వేలాడుకుంట నిమురుతున్నయి.

అప్పుడు బాయిలో నుంచి ఇనొచ్చింది.

"అన్నా..."

తల బాయి దిక్కు తిప్పిన.

"అన్నా... దేవరాజన్నా..."

జోయల్ గొంతు. నీళ్లు కొట్టుకుంటున్న చప్పుడు. లేవబోయిన. లేవలేకపోయిన. నా మీద ఉన్నది నన్ను పట్టుకుంది. బరువుగ, సల్లగ, పాత బాయి నాచు వాసన. నా చెవి పక్కన దాని తల ఉంది, ఊపిరి మాత్రం లేదు. నేను తన్నిన, గుద్దిన, మట్టిని గోకిన. అది నన్ను ఇంకా దగ్గరికి తీసుకుంది. తమ్ముడు ఇంకొక్కసారి పిలిచిండు. మూడోసారి సగం పిలుపే వచ్చింది, మిగతాది బుడగలు.

అంతా అయినంకనే నా మీద బరువు లేచింది.

లింగవ్వ టార్చిలైటు పట్టుకొని ఉరికొచ్చింది. నన్ను చూసింది, బాయిని చూసింది. రొమ్ము బాదుకుంది. "ఏం చేసినవ్ కొడుకా! పిలగాడు పిడి పట్టుకొనే లోపలికి పొయ్యిండు. నువ్వు వాని పక్కకు పోయి, వాన్ని ఇడిచి, వట్టి గాలిని గుంజుకొని ఒడ్డు మీద పడ్డవు. ఎవలితోటి మాట్లాడుతున్నవ్ రా అంతసేపు?"

పొద్దున కామారెడ్డి నుంచి సిద్దార్థ అనే మెకానిక్కును పిలిపిచ్చిండ్రు. చైను పుల్లీ పెట్టి బండిని లేపిండు. బండితోటి నా తమ్ముడు కూడా వచ్చిండు. ఎడమ చెయ్యి లివరు మీద, నాలుగు వేళ్లు సక్కగ, బిగుసుకొని ఉన్నయి. సిద్దార్థ పట్కారు తీసుకుంట, "లివరు ఖరాబు గాకుంట తీస్త అన్నా, రెండు నిమిషాలు" అన్నడు. నేను వాని కాళ్ల మీద పడ్డ. ఇనుము కొయ్యమని ఏడ్చిన. వాడు భయపడి కోసిండు. ఆ ముక్కతోటే జోయల్‌ను పెట్టెలో పెట్టినం. ఫాదరు ప్రార్థన చేస్తుంటే నాలుగేండ్ల నా బిడ్డ రమ్య, చిన్నాయన ఎందుకు లేస్తలేడని అందరినీ అడిగింది. కృపారాణి నా మొఖం చూసుడు మానేసింది.

మట్టి చేసిన మూడో రోజు బిచ్కుంద బస్సెక్కిన. రుక్మాబాయి ఇంటి ముందట కూసొని చాటలో జొన్నలు చెరుగుతుంది. నన్ను చూసి గుర్తుపట్టింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను నేల మీద కూసొని ఉన్నదంత చెప్పిన, ఒక్క ముక్క దాచుకోలేదు. ఆమె నన్ను చూస్తలేదు. నా ఎడమ పక్కకు, నా భుజానికి జరంత పైకి చూస్తుంది. చాట కింద పెట్టి, మరాఠీలో నెమ్మదిగ ఏదో అడిగింది. నన్ను కాదు. జవాబు వచ్చినట్టు తలూపింది.

"నీ కొడుకును నీ ఇంట్లకు పిలుచుకో అవ్వా. నీకు దండం పెడత. నేను చేసింది తప్పే, నన్ను చంపు. వాన్ని మాత్రం నా దగ్గర నుంచి తీస్కపో."

ఆమె మూడుసార్లు పిలిచింది. పేరు పెట్టి, రెండు చేతులు చాపి పిలిచింది. చాపిన చేతులు అట్లనే ఉన్నయి, మెల్లగ కిందికి దిగినయి. కొడుకు పోయిన రోజు ఏడ్వని మనిషి కండ్లలో అప్పుడు నీళ్లు చూసిన.

"రానంటుండు" అన్నది.

"ఎందుకు రాడవ్వా?"

"నువ్వు వాన్ని కావలించుకొని ప్రాణమని చెప్పినవట. నువ్వు లేకుంటే బతకనన్నవట. వాడు నమ్మిండు." చాట మల్ల చేతిలోకి తీసుకుంది. "ఇగ నా కొడుకు నాకు రాడు. పో. నీ ఇంటికి తీస్కపో."

బస్టాండుకు నడిచొచ్చిన. మధ్యాహ్నం రెండు గంటలు, మంచిగ ఎండ కొడుతుంది, జనం కాల్చిన మక్క కంకులు కొనుక్కొని తింటున్నరు. బస్టాండు బల్ల మీద నా పక్కన ఎవ్వరూ కూసోలేదు. మా దిక్కు పోయే బాన్సువాడ బస్సు ఇంకా రాలేదు. అప్పుడు ఫోను మోగింది. కృపారాణి. మూడు రోజుల సంది నాతోటి మాట్లాడని మనిషి.

"ఏమయ్యా, యాడున్నవ్? జల్ది రా. రమ్య ఎడమ చెయ్యి పిడికిలి బిగబట్టుకొని తెరుస్తలేదు. పొద్దున లేచినకాడి నుంచి అట్లనే ఉంది. నూనె రాసిన, గుంజిన, వస్తలేదు. ఏడుస్తలేదు గూడ. నొస్తుందా బిడ్డా అంటే, నాకు గాదు, మామకు నొస్తుంది అంటది. ఏ మామ అంటే చెప్తలేదు." గొంతు తగ్గించింది. "నువ్వే వచ్చి చూడు. ఒక్కొక్క వేలు ఇడిపియ్యాలె. నీకైతే చాతనైతది."